అడిగింది ఆ అబ్బాయొక్కడే

2022 వేసవిలో రాజమండ్రి వెళ్లినప్పుడు మా పిన్ని బీరువా అడుగు అరలో చీరల కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా చేతిలో పెట్టింది. "ఇందులో ఏదో ఫారం నింపాలంటమ్మా. నింపి పెట్టు. అన్నయ్యలకి మాత్రం చెప్పకు" అంది. కవర్లో ఒక జీవిత బీమా పాలసీ బాండు ఉంది. 2017 నాటిది. ఆ సంవత్సరమే బాబాయి పోయారు.

పిన్ని చదువురానిదేమీ కాదు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు చెప్పింది. పింఛను వస్తుంది. బాబాయి పోయాక ఆయన పేరున్న డిపాజిట్లు కలిపి ఎనిమిది లక్షలు ఆమె ఖాతాలో పడ్డాయి. పడిన పది రోజులకి ఒక కుర్రాడు దానవాయిపేటలో ఆమె ఇంటికి వచ్చాడు. ఆర్థిక సలహాదారునని చెప్పుకున్నాడు. ఖాతాలో ఎంత పడిందో అతనికి ముందే తెలుసు. ఎలా తెలిసిందో పిన్ని అడగలేదు. మూడుసార్లు వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు పాన్ కార్డు, ఆధార్ జిరాక్సులు, కొట్టేసిన చెక్కు ఒకటి, ఎనిమిది చోట్ల సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు తీసుకెళ్లాడు. ఒక్కసారి రెండు లక్షలు కడితే చాలు, ఐదేళ్లకి పెరిగి వస్తుందని పిన్ని అనుకుంది. ఏడాది తిరిగాక ఫోన్లో మెసేజ్ వచ్చింది, రెండో ప్రీమియం రెండు లక్షలు కట్టాలని. అది షేర్ మార్కెట్‌తో ముడిపడిన యూనిట్ లింక్డ్ పాలసీ. కట్టకపోతే పాలసీ ఆగిపోతుంది, ఛార్జీలు పోగా మిగిలింది ఐదేళ్లు నిండేదాకా చేతికి రాదు. బాండు చేతికొచ్చిన పదిహేను రోజుల్లోగా వద్దని తిప్పి పంపే హక్కు ఉండేది. ఆ మాట కూడా బాండులోనే ఉంది, ఇంగ్లీషులో.

ఆ రాత్రి నేను పరిశోధకురాలినన్న సంగతి మర్చిపోయి మామూలు మనిషిలాగా కోప్పడ్డాను. ముక్కూ మొహం తెలియనివాడికి ఇవన్నీ ఎందుకు చెప్పావు పిన్నీ అన్నాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "అడిగింది ఆ అబ్బాయొక్కడే. మీ అన్నయ్యలిద్దరూ ఎంతుందీ అనే అడిగారు. నీకేం కావాలమ్మా, దీంతో నువ్వేం చేద్దామనుకుంటున్నావు అని అడిగింది వాడొక్కడే."

ఈ వ్యాసం ఆ మాట దగ్గర మొదలైంది. పరిచయం లేని సలహాదారులకి మీ డబ్బు వివరాలు చెప్పకండి అని బ్యాంకులూ పోలీసులూ పత్రికలూ మనకి చెబుతూనే ఉన్నాయి. మంచి మాటే. అయితే ఆ హెచ్చరికలో చెప్పకుండా వదిలేసిన సగం ఒకటుంది. తెలియనివాడు ప్రమాదమైతే, తెలిసినవాడు క్షేమమన్నమాట. గోదావరి డెల్టాలో ఆడవాళ్ల డబ్బు చరిత్రని కాస్త వెనక్కి వెళ్లి చూస్తే ఆ సగం నిలబడదు. ఇక్కడి ఆడవాళ్లు తమ డబ్బుని మొదట దాచుకున్నది బయటివాళ్ల నుంచి కాదు, ఇంట్లోవాళ్ల నుంచి. పోపులడబ్బాలో, బియ్యం డబ్బాలో, పాత చీర మడతలో. బయట నుంచి వచ్చిన సలహాదారు ఎప్పుడూ ఆ దాపరికం తలుపులోంచే లోపలికి వచ్చాడు.

సాహిత్య విద్యార్థిని కాబట్టి ముందు నాకు గుర్తొచ్చేది నవలే. వీరేశలింగం 1878లో 'వివేకవర్ధని'లో మొదలుపెట్టిన 'రాజశేఖర చరిత్రము' కథ ధవళేశ్వరంలోనే నడుస్తుంది. ఆ ధవళేశ్వరంలో అప్పటికి పాతికేళ్ల ముందే, 1852లో, కాటన్ ఆనకట్ట పూర్తయింది. డెల్టా భూమికి ధర వచ్చింది. భూమికి ధర వచ్చినచోట పత్రం వస్తుంది, పత్రంతో పాటు పత్రం రాసేవాడూ, అప్పిచ్చేవాడూ, సలహా చెప్పేవాడూ వస్తారు. నవల్లో రాజశేఖరుడి ఇంటికి ఒక బైరాగి వస్తాడు. బంగారం చేసే విద్య తెలుసంటాడు. ఇంట్లో ఉన్న బంగారం, వెండి అతని చేతికి ఇస్తారు. అవి పట్టుకుని అతను ఉడాయిస్తాడు. తెలుగులో తొలినాళ్ల నవలల్లో ముందు వరసలో నిలిచిన దానిలోనే, తెలియని సలహాదారుకి ఇంటి లెక్క విప్పి చెప్పిన కథ ఉండడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. విమర్శకులు దాన్ని మూఢనమ్మకం మీద విమర్శగా చదివారు. నిజమే. నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది వేరే ఉంది. మోసపోయింది ఇంటి యజమాని. ఇల్లు కూలింది అందరికీ. ఇంట్లో బంగారమంటే ఎక్కువ భాగం ఎవరి ఒంటిమీదిదో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఇవ్వాలా వద్దా అన్న మాట ఎవరిని అడిగి ఉంటారో కూడా.

కథలోంచి కాగితాల్లోకి వస్తాను. మా అమ్మ పెట్టెలో మా తాతమ్మ, అంటే అమ్మమ్మ తల్లి, రాసిచ్చిన ఒక క్రయదస్తావేజు ఉంది. 1931 నాటిది. రామచంద్రపురం తాలూకాలో ఎకరం ముప్పై సెంట్ల మాగాణి అమ్మిన కాగితం. దాన్ని నేను పరిశోధనకి వాడుకోలేదు, సిగ్గుపడ్డానేమో. ఇప్పుడు చదువుతుంటే అది నాకు అమ్మకం కాగితంలా కాక ఆత్మకథలా కనిపిస్తోంది. భర్త చేసిన అప్పు ఎంత, ఎవరికి. ఆయన కర్మకాండలకి ఎంతైంది. పెద్దకూతురి పెళ్లికి ఎంత. శిస్తు బకాయి ఎంత. ఇల్లు కప్పించడానికి ఎంత. అన్నీ వరసగా ఉన్నాయి. భూమి వివరం కంటే ఆమె కష్టాల వివరమే పొడుగు.

ఇది ఒక్క తాతమ్మ సంగతి కాదు. ఆ రోజుల్లో హిందూ వితంతువుకి భర్త ఆస్తి మీద ఉన్నది పరిమిత హక్కు. ఆమె బతికినంతకాలం అనుభవించవచ్చు. అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా చట్టం ఒప్పుకునే అవసరం ఉండాలి. లేకపోతే ఆమె పోయాక వారసులు దావా వేసి ఆ అమ్మకాన్ని కొట్టించేవాళ్లు. 1856లో హనుమాన్ పర్షాద్ కేసులో ప్రీవీ కౌన్సిల్ ఒక సూత్రం చెప్పింది: ఇలాంటి ఆస్తి మీద డబ్బిచ్చేవాడు అవసరం నిజంగా ఉందా అని విచారించుకోవాలి, నిజాయితీగా విచారిస్తే అతనికి రక్షణ ఉంటుంది. ఆ కేసు మైనరు వారసుడి ఆస్తి గురించి. కోర్టులు దాన్ని వితంతువులకీ వర్తింపజేశాయి. అంటే ఏమైంది? తన సొంత కొడుకు ముందు కూడా నోరు విప్పని స్త్రీ, డబ్బిచ్చే పరాయి మగవాడి ముందు తన ఇంటి చిట్టా మొత్తం విప్పాల్సి వచ్చింది. అది అతని కుతూహలం కాదు, చట్టం అతనికి అప్పజెప్పిన పని. ఆమె చెప్పింది కాగితం మీదికెక్కి రిజిస్ట్రారాఫీసు పుస్తకంలో శాశ్వతంగా ఉండిపోయింది. ఆమెకి రక్షణ పేరుతో పెట్టిన విచారణ రక్షించింది అతన్నీ, వారసుల్నీ.

కాగితం చివర 'చదివి వినిపించగా సమ్మతించి' అని ఉంటుంది. కింద తాతమ్మ వేలిముద్ర. దాని కింద దస్తూరి అని రాసినతని పేరు, సాక్షుల పేర్లు. ఎవరు చదివారు, ఎంతసేపు చదివారు, ఏ వాక్యం దగ్గర ఆమె ఆపి మళ్లీ చదవమంది, అసలు చదివారా? 'చదివి వినిపించగా' అన్న మాట కూడా రాసింది రాసినవాడే.

ఊళ్లో ఇంకొకడికీ ఆమె లెక్క తెలుసు, కరణానికి. డెల్టాలో ఆడపిల్లకి పసుపుకుంకుమల కింద ఎకరమో అరెకరమో ఇవ్వడం ఉన్న కుటుంబాల్లో ఆనవాయితీ. పేరు ఆమెది. కౌలు మాట్లాడేది అన్నదమ్ములో మొగుడో. అడంగల్లో ఏం రాసి ఉందో ఆమెకి తెలియదు, కరణానికి తెలుసు. ఆమె తన భూమి గురించి ఒక ప్రశ్న అడగాలంటే మగదిక్కుని పంపాలి, ఆ మగదిక్కు అడిగేది తనక్కావలసిన ప్రశ్న. పరంపరగా వచ్చే కరణాల వ్యవస్థని ఎన్టీఆర్ ప్రభుత్వం 1984 జనవరిలో రద్దు చేసింది. అప్పుడు మా ఊళ్లో పండగలా చేసుకున్నారని అమ్మ అంటుంది. కరణం ఏమీ తెలియనివాడు కాదు, అందరికంటే తెలిసినవాడు. వరసలు పెట్టి పిలుచుకునేవాళ్లం. మోసం చేయాలంటే కొత్తముఖం అక్కర్లేదన్నది డెల్టా ఆడవాళ్లకి తెలిసిన పాత సంగతి.

ఇదంతా భూమి ఉన్న కులాల మాట. నా సొంత ఇంటి కాగితాలే చదువుతున్నాను కాబట్టి నా చూపు అక్కడే ఆగుతుందని నాకు తెలుసు. పొలంలో నాట్లు వేసిన దళిత స్త్రీకి దాచుకునే లెక్కే లేదు. ఆమె అప్పు రైతు నోటిలెక్కలో ఉండేది. రోజు కూలి ఎంత తెగ్గొట్టారో రైతుకి తెలుసు, ఆమెకి తెలియదు. ఆమె గురించిన ఆర్థిక సమాచారం ఆమె ఇచ్చింది కాదు, ఆమె మీద రాసుకున్నది. ఆ పుస్తకాలు ఏ లైబ్రరీలోనూ నాకు దొరకలేదు.

సంస్కర్తల వైపు నుంచి చూసినా సంగతి ఇంతే. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. దాన్ని మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ ఆ పెళ్లికి చట్టబద్ధత ఇచ్చిన 1856 చట్టం రెండో సెక్షన్ ప్రకారం, మళ్లీ పెళ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో హక్కు పోతుంది. చచ్చినట్టే లెక్క, ఆస్తి తర్వాతి వారసులకి వెళ్తుంది. వితంతువు మనసులోమాట బయటపడితే ఆమె ఆస్తి కూడా బయటికి పోతుంది. ఇలాంటి చోట ఎవరైనా ఎవరికైనా ఎందుకు చెబుతారు? దాపరికం ఆడవాళ్ల గుణం అన్న సామెతలు చాలా ఉన్నాయి మనకి. చట్టం నేర్పిన గుణం అది.

1937లో వితంతువుకి భర్త వాటా, అదీ పరిమితంగా, వచ్చింది. 1956 వారసత్వ చట్టం పద్నాలుగో సెక్షన్‌తో ఆ పరిమితి పోయి సంపూర్ణ హక్కు వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో వాటా మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి, దేశమంతటా 2005 నుంచి. హక్కులు పెరిగాయి. అయితే హక్కు వచ్చిన రోజునే దాని లెక్క చూసుకోవడం వచ్చేయదు. ఆ ఖాళీలోకి ఏజెంటు వచ్చాడు.

ఈ మాట నేను వ్యంగ్యంగా అనడంలేదు. 1956 సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ పుట్టింది. డెల్టా పల్లెల్లో ఎల్ఐసీ ఏజెంటు అంటే బడిపంతులో, పంతులు తమ్ముడో. ఆయన ఇంటికొచ్చి కూర్చుని వయసు, జీతం, జబ్బులు, నామినీ అడిగేవాడు. మొగుడి పాలసీలో పెళ్లాం పేరు అలా ఎక్కింది. పెళ్లాం పేరు మీద మొగుడు తీసుకున్న బీమా అప్పులవాళ్లకి చిక్కకుండా ఆమెదే అవుతుందన్న రక్షణ, 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద, మద్రాసు రాజధానిలో హిందువులకి 1913 డిసెంబరు 31 తర్వాత తీసుకున్న పాలసీలకే వర్తించింది. మిగతా దేశానికి అది 1923లో వచ్చింది. పదేళ్లు ముందున్నామన్నమాట. అయినా ఆ సెక్షన్ కింద పాలసీ రాయించుకున్న ఒక్క ఇల్లూ మా బంధువుల్లో లేదు. ఆ ఆరో సెక్షన్ గురించి చెబితే ఏజెంటుకి వచ్చేదేమీ లేదు మరి.

నాకు ఇష్టమైన ఏజెంటు ఒకావిడ ఉండేది. పోస్టాఫీసావిడ అనేవాళ్లం. 1972లో మొదలైన మహిళా ప్రధాన్ క్షేత్రీయ బచత్ యోజన కింద ఆడవాళ్లనే ఏజెంట్లుగా పెట్టి ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్లు కట్టించేవాళ్లు. ఆవిడ నెలనెలా మొదటివారంలో మధ్యాహ్నం పూట వచ్చేది. మగవాళ్లు ఇంట్లో లేని వేళ. అమ్మ వంటింట్లో డబ్బాలోంచి వంద రూపాయలు తీసిచ్చేది. ఆవిడ కార్డులో రాసి పొడి సంతకం పెట్టేది. కాఫీ తాగేది. ఏ ఇంట్లో ఎంత కడుతున్నారో ఆవిడకి తెలుసు, మా నాన్నకి తెలియదు. నా ఇంటర్మీడియట్ ఫీజు ఆ డబ్బుతోనే కట్టారు. మా వీధిలో పన్నెండు ఇళ్ల రహస్యాలు ఆవిడ సంచిలో ఉండేవి. ఒక్కటీ బయటికి రాలేదు. పాసుబుక్కులు కూడా ఆవిడ దగ్గరే ఉండేవి, అది తప్పే, కానీ కార్డు మాత్రం ఎప్పుడూ అమ్మ దగ్గర. ఆవిడ మొదట మా ఇంటికి వచ్చినప్పుడు తెలియని మనిషే. కార్డు అమ్మ చేతిలో ఉంది, అదీ తెలుగులో, అమ్మకి అర్థమయ్యేలా. ఆ తేడా నాకప్పుడు తెలియలేదు.

తర్వాత పొదుపు సంఘాలు వచ్చాయి. నెల్లూరు జిల్లా దూబగుంట సారా ఉద్యమం, దాని వెనకే పొదుపు ఉద్యమం, 1992లో నాబార్డు బ్యాంకు అనుసంధానం, డ్వాక్రా. ఈ చరిత్ర ఈ పేజీల పాఠకులకి నేను చెప్పక్కర్లేదు. నేను చూసింది ఒక్కటే చెబుతాను. సంఘం సమావేశంలో ఎవరి బాకీ ఎంత అన్నది అందరి ముందూ గట్టిగా చదువుతారు. పోపులడబ్బా లెక్క మొదటిసారి ఇంటికి బయట, ఆడవాళ్ల మధ్య, వినబడింది. అందులో ఒక ధైర్యం ఉంది. సూక్ష్మరుణ సంస్థలు ఆ ధైర్యాన్నే వాడుకున్నాయి. గ్రూపు సిద్ధంగా ఉంది, ఎవరికి ఎంత అప్పుందో గ్రూపుకి తెలుసు, కట్టకపోతే ఎవరు ఎవరిని నిలదీయాలో కూడా. కొత్తగా వసూలు యంత్రాంగం కట్టుకోనక్కర్లేకపోయింది. 2006 మార్చిలో కృష్ణా జిల్లాలో అధికారులు యాభైకి పైగా శాఖలు మూయించారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది: నమోదు తప్పనిసరి, వడ్డీ అసలుకి మించకూడదు, ఇంటి ముందుకొచ్చి వసూలు చేయకూడదు. ఇంటి ముందుకి రాకూడదని చట్టంలో రాయాల్సి వచ్చిందంటే ఇంటి ముందు ఏం జరుగుతూ ఉండేదో ఊహించండి. 2023లో తెలంగాణ హైకోర్టు, రిజర్వ్ బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకి ఆ చట్టం వర్తించదంది.

అగ్రిగోల్డ్ గురించి పొడుగ్గా రాయను. 1995లో విజయవాడలో మొదలై, కూలిపోయేనాటికి దాదాపు 32 లక్షల మంది డిపాజిటర్లు, 6,380 కోట్ల రూపాయలు. పశ్చిమ గోదావరి పెదపాడు స్టేషన్లో పెట్టిన కేసు దగ్గర్నుంచి ఏలూరు కోర్టులో నడిచింది. 2019లో పదివేల లోపు వాళ్లకి, 2021లో ఇరవైవేల లోపు వాళ్లకి ప్రభుత్వం డబ్బిచ్చింది. అక్కడ ఏజెంట్లు ఎవరు? పక్కింటివాళ్లు, వియ్యాలవారు, మేనమామలు. తెలిసిన మొహాలు. కొందరు ఏజెంట్లు తామే మోసపోయి ఊళ్లో తలెత్తుకోలేక కుంగిపోయారు. 'తెలియనివాడికి చెప్పకండి' అన్న హెచ్చరిక వాళ్లలో ఎవరినీ కాపాడేది కాదు.

ఇప్పటి రోజుల్లో అడిగేది మనిషి కూడా కాదు. 2013 జనవరిలో తూర్పు గోదావరి జిల్లా గొల్లప్రోలులో నగదు బదిలీ పథకాన్ని మన రాష్ట్రంలో ప్రారంభించారు. ఆధార్, ఖాతా ముడిపడ్డాయి. డబ్బు నేరుగా ఆమె ఖాతాలోకి రావడం చిన్న విషయం కాదు, నేను దాన్ని తక్కువ చేయను. 2018 ఏప్రిల్లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో లక్షా ముప్పై నాలుగు వేల మంది లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు ఖాతా, కులం, మతం వివరాలు ఎవరు కావాలన్నా చూసుకునేలా ఉన్నాయని బయటపడింది. ఆ స్త్రీలు ఏ అపరిచితుడికీ ఏమీ చెప్పలేదు. ప్రభుత్వానికి చెప్పారు.

ఆ తర్వాత అప్పుల యాప్‌లు. 2020 లాక్‌డౌన్ రోజుల్లో ఐదువేలో పదివేలో కావలసినవాళ్లకి నిమిషాల్లో డబ్బు. బదులుగా ఫోన్లో ఉన్న పేర్లన్నీ, ఫోటోలన్నీ. వాయిదా తప్పితే ఆ పేర్లకి ఫోన్లు, ఫోటోలని బూతు బొమ్మలుగా మార్చి పంపుతామని బెదిరింపులు. 2022 సెప్టెంబరులో రాజమండ్రిలోనే ఒక యువ దంపతులు ఈ వేధింపులకి ప్రాణాలు తీసుకున్నారు. అదే నెల రెండో తేదీన రిజర్వ్ బ్యాంకు మార్గదర్శకాలు వచ్చాయి, అప్పిచ్చే యాప్ ఫోన్లోని పేర్లనీ, ఫైళ్లనీ, కాల్ వివరాలనీ ముట్టకూడదని. యాప్‌కి డబ్బు లెక్క కంటే విలువైనది ఇంకొకటి దొరికిందని నాకు అప్పుడు అర్థమైంది. నువ్వు ఎవరికి తెలియకూడదనుకుంటున్నావో ఆ జాబితా.

ఆ జాబితా పిన్ని కూడా ఇచ్చింది, ఐదేళ్ల ముందే, నోటితో. బాండులో నామినీ గడిలో నా పేరుంది. కొడుకుల పేర్లు లేవు. నాకు ఆ రాత్రే తెలిసింది. "వాళ్లకి ఉన్నాయి కదే. నీకు ఏదైనా ఇద్దామని. వాళ్లకి తెలిస్తే గొడవ" అని ఆ కుర్రాడితో చెప్పిందట. అతను తలూపి రాసుకున్నాడు. 2015లో చట్టం మారాక నామినీకి ఆ డబ్బు సొంతమయ్యేది తల్లిదండ్రులో, జీవితభాగస్వామో, పిల్లలో అయితేనే. అక్క కూతురు నామినీగా డబ్బు తీసుకుంటుంది, కానీ చివరికి అది వారసులకే, అంటే కొడుకులకే చెందుతుంది. నాకు ఇవ్వాలంటే విల్లు రాయాలి. ఆమె అతన్ని నమ్మి చెప్పిన కోరికకి అతను అమ్మిన పాలసీ పనికిరాదు. సలహాదారు చెప్పాల్సిన ఒకే ఒక్క సలహా అది.

2018లో రెండో ప్రీమియం మెసేజ్ వచ్చాక పిన్ని అతనికి ఫోన్ చేసింది. కంపెనీకి ఫిర్యాదు రాస్తానంది. అతను ఏమాత్రం గొంతు పెంచలేదట. "అలాగేనండి అమ్మా. పోనీ ఒకసారి మీ అబ్బాయిలతో మాట్లాడమంటారా? వాళ్లకి చెబితే అర్థం చేసుకుంటారేమో" అన్నాడట. పిన్ని ఫోన్ పెట్టేసింది. హైదరాబాదులో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు, ఫీజు లేకుండా వింటాడు, ఆమె వెళ్లలేదు. నాలుగేళ్లు బాండు చీరల కింద ఉంది.

అది బెదిరింపని నేనన్నాను. "ఏమోనే, మంచిగానే అన్నాడు" అంది.

మర్నాడు పొద్దున్నే సరెండర్ ఫారం నింపుదామని కూర్చున్నాం. నేను నింపుతుంటే పిన్ని నా చేయి పట్టుకుని ఆపింది. "ముందు వాడు రాసిందంతా చదువు. తెలుగులో చదువు" అంది. బాండు వెనక ప్రతిపాదన పత్రం నకలు ఉంది. గంటన్నర పట్టింది. పుట్టినతేదీ సరిగ్గానే ఉంది. వార్షికాదాయం గడిలో ఆమె పింఛనుకి రెండింతల పైనే రాసి ఉంది, రెండు లక్షల ప్రీమియానికి సరిపడేలా. చివరి పేజీలో, సంతకం ఇంగ్లీషులో లేకపోతే నింపాల్సిన ధ్రువీకరణ ఒకటుంది: పత్రంలోని విషయాలు వారికి అర్థమయ్యే భాషలో వివరించాను, వారు అర్థం చేసుకున్నారు. కింద ఎవరిదో సంతకం. పిన్ని ఆ మనిషిని ఎప్పుడూ చూడలేదు. దాని పక్కన ఆమె సంతకం, గుండ్రటి బడిపంతులమ్మ తెలుగులో.

పిన్నికి కోపం వచ్చింది మాత్రం అక్కడ కాదు. వృత్తి అన్న గడి దగ్గర. అక్కడ 'వ్యాపారం' అని ఉంది.

"మళ్లీ చదువు" అంది.

చదివాను.

"ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు చెప్పానే నేను. అడిగాడు కూడానూ, ఏ స్కూల్లో చెప్పారు మేడం అని. చెప్పాను, అన్ని ఊళ్లూ చెప్పాను వాడికి." కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఆ గడి ఎక్కడుందో చూపించు. ఈ కొత్త ఫారంలో కూడా అడుగుతారా? ఆ కలం ఇటివ్వు, అది నేను రాస్తాను."